అక్క స్లిప్పు, నా స్లిప్పు

నిన్న రాత్రి అక్కా నేనూ మా జీతం స్లిప్పులు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. తను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, నాది ప్రైవేటు కంపెనీ. చేతికొచ్చే డబ్బు నాకే ఎక్కువ. ఇన్నాళ్లూ ఆ ఒక్క అంకె చూసుకునే నేను ముందున్నాననుకున్నాను.

అక్క ‘డీఏ’ (కరువు భత్యం) అన్న గడి మీద వేలు పెట్టింది. ధరలను బట్టి జనవరి, జూలై నెలల లెక్కన ఏడాదికి రెండుసార్లు దాన్ని సవరిస్తారు. నా స్లిప్పులో ఆ గడే లేదు. జీతం పెరగాలంటే అప్రైజల్ (పనితీరు సమీక్ష) దాకా ఆగాల్సిందే, ఆ టెన్షన్ వేరే.

పెన్షన్ దగ్గరికొచ్చేసరికి నాకు మాట రాలేదు. అక్క 2004 తర్వాత చేరింది కాబట్టి పాత పెన్షన్ లేదు, ఎన్‌పీఎస్సే, అంటే ఉద్యోగీ ప్రభుత్వమూ కలిసి డబ్బు కట్టే పెన్షన్ పథకం. అయినా బేసిక్, డీఏల మీద తను 10 శాతం కడితే ప్రభుత్వం 14 శాతం వేస్తోంది. నాకు కంపెనీ పీఎఫ్ కింద కట్టే 12 శాతంలోంచి పెన్షన్‌కి వెళ్లేది నెలకి 1,250 రూపాయలే. ఎందుకంటే ఆ లెక్క 15,000 జీతం దగ్గరే ఆగిపోతుంది. పైగా కంపెనీ వాటాని కూడా నా సీటీసీలోనే (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) కలిపి చూపించారు! ఆఫర్ లెటర్‌లో ఆ పెద్ద అంకె చూసి అమ్మకి ఫోన్ చేసి ఎంత మురిసిపోయానో.

పిల్లల కోసం అక్కకి సర్వీసు మొత్తం మీద 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. మా పాపకి జ్వరమొచ్చిన రోజు నేను ఆస్పత్రి వరండాలో ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నది గుర్తొచ్చి నాకు కళ్లు నిండాయి.

ఉద్యోగం మారను, ఈ పని నాకు ప్రాణం. వచ్చే నెల నుంచి వీపీఎఫ్ (మనంతట మనం అదనంగా కట్టుకునే పీఎఫ్) కూడా నా జీతంలోంచి కట్ చేయమని పొద్దున్నే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను.