బోర్డో నుంచి తెచ్చిన గులకరాయి

యానాంలో మా మేనత్త వాళ్లింటి అరుగు మీద కూర్చుంటే గౌతమి కనబడుతుంది. ఆ అత్త కొడుకు, మా బావ, పాతికేళ్లుగా ఫ్రాన్స్‌లోనే ఉంటున్నాడు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు కదా, అక్కడ ఇలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. బావ ఉండేది బోర్డోలో. పోయిన సెప్టెంబరులో వెళ్లి పది రోజులున్నాను. అప్పటిదాకా బోర్డో అంటే నాకు వైన్ సీసా మీద పేరు, అంతే.

మొదటి రోజు పొద్దున్నే గారోన్ నది ఒడ్డుకి తీసుకెళ్లాడు. నీళ్లు చూసి అక్కడే నిలబడిపోయాను. అచ్చం మన గోదారికి ఎర్రనీరు వచ్చినప్పటి రంగు. పైగా పోటు సమయం, నది వెనక్కి పారుతోంది. ఊరు దాటాక దోర్దోన్య వచ్చి గారోన్‌తో కలుస్తుంది, అక్కణ్ణుంచి సముద్రం దాకా దాని పేరు జిరోండ్. మన గోదారి ధవళేశ్వరం దాటాక పాయలవుతుంది, బోర్డో దగ్గర మాత్రం రెండు నదులు ఒకటవుతాయి. బోర్డో వైన్ గురించి ఎవరితో మాట్లాడినా ముందు ఎడమ ఒడ్డా, కుడి ఒడ్డా అనే అడుగుతారు.

ఎడమ ఒడ్డున ఉన్నది మెడోక్. మార్గో ఊరి దగ్గర ఒక తోటలో దిగాం. ద్రాక్ష అంటే తలపైన పందిరి ఉంటుందనుకున్నాను. తీగలు నా నడుం దాకా కూడా లేవు, సాళ్లు మీటరు ఎడంలో ఉన్నాయి. హెక్టారుకి పదివేల మొక్కల దాకా పెడతారట. కిందికి చూస్తే మట్టి కనబడలేదు, అన్నీ గులకరాళ్లే. ఒక గుప్పెడు తీశాను. చల్లగాలి వీస్తున్నా రాళ్లు వెచ్చగా ఉన్నాయి. పగటి ఎండని దాచుకుని రాత్రి తీగలకి అందిస్తాయని బావ చెప్పాడు. కాబెర్నే సోవిన్యోన్ ఆలస్యంగా పండే ద్రాక్ష, దానికి ఆ వెచ్చదనం కావాలి. కుడి ఒడ్డున సెంట్ ఎమీలియోన్, పోమెరోల్ వైపు బంకమట్టి, సున్నపురాయి నేలలు. అవి చల్లగా ఉంటాయి కాబట్టి ముందే పండే మెర్లో అక్కడ ఎక్కువ.

మా నాన్న లంకలో వరద వదిలిన ఒండ్రుని చేత్తో నలిపి చూసి మురిసిపోయే మనిషి. బోర్డోలో నది పక్కన సరిగ్గా అలాంటి మెత్తటి ఒండ్రునేల ఉంది. మంచి వైన్‌కి అది పనికిరాదంటారు. బలమైన నేలలో తీగ ఆకు వేసి కూర్చుంటుందట. రాళ్ల నేలలో వాన నీరు నిలవదు, వేరు లోతుకి దిగాలి, కాయ చిన్నదై రసం చిక్కబడుతుంది. కాపు తోటలకి నీళ్లు పెట్టడానికి కూడా మామూలుగా ఒప్పుకోరు. కాలువ వదిలే రోజు కోసం ఎదురుచూసే ఊళ్లో పుట్టినవాణ్ణి, ఇది మింగుడు పడడానికి నాకు రెండు రోజులు పట్టింది.

1855లో పారిస్ ప్రదర్శన కోసం మెడోక్ తోటలకి అయిదు తరగతులు కట్టారు. వ్యాపారంలో అప్పటికి ఏ వైన్ ఎంత పలికేదో దాన్నిబట్టి దళారులు వేసిన వరస అది. ఇన్నేళ్లలో పై తరగతికి ఎక్కింది ఒక్క మూతోన్ రోత్షీల్డ్, అదీ 1973లో. ధరతో వేసిన వరస ఇంకా నిలబడి ఉండడం నాకు నచ్చలేదు, బావకి అలా చెప్పాను కూడా.

తీపి వైన్ చేసే సోటెర్న్ ప్రాంతం మాత్రం మనసుకి పట్టేసింది. సిరోన్ అనే చిన్న చల్లటి ఏరు గారోన్‌లో కలిసేచోట శరత్కాలంలో పొద్దున్నే మంచు కమ్ముతుంది. ఆ తడికి పండు బూజు పడుతుంది, మధ్యాహ్నం ఎండకి ముడుచుకుని నీరు పోయి తీపి మిగులుతుంది. అన్నీ ఒకేసారి ఆ స్థితికి రావు, అందుకే వారాల తరబడి మళ్లీ మళ్లీ తిరిగి ఏరుతారు. ఒక గుక్క తాగితే తేనె, నారింజ తొక్క, చివర్లో కాస్త పులుపు.

ఇంటికొచ్చి నాన్న చేతిలో ఒక రాయి పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లో కొబ్బరి మొక్క కూడా బతకదు. మురుగెటు పోద్దిరా?"

అప్పుడు చెప్పాను. పదిహేడో శతాబ్దంలో డచ్చి ఇంజనీర్లు వచ్చి మెడోక్ చిత్తడి నేలల్లో కాలువలు తవ్వి నీళ్లని జిరోండ్‌లోకి దించారని, ఆ తర్వాతే అక్కడ తోటలు పెరిగాయని.

"అదీ," అన్నాడు నాన్న. రాయి జేబులో వేసుకుని తోటలోకి వెళ్లిపోయాడు.