ఇంట్లో మనం ‘వాళ్ళు’ అన్నప్పుడు

పరాయి దేశంలో పిల్లల్ని పెంచే ఇళ్ళలో ‘మనవాళ్ళు’, ‘వాళ్ళు’ అనే మాటలు ఎంత తరచుగా వినిపిస్తాయో మనం గమనించము. వాళ్ళకు కుటుంబ బంధాలు ఉండవు, వాళ్ళకు పెద్దలంటే గౌరవం లేదు, వాళ్ళు పిల్లల చదువు పట్టించుకోరు అనే తీర్పులు భోజనాల దగ్గర, కారులో, ఫోను సంభాషణల్లో అలవోకగా దొర్లిపోతుంటాయి. పెద్దలకు అవి కబుర్లు మాత్రమే. పిల్లలు వాటిని అలా వినరు, ఎందుకంటే ఆ ‘వాళ్ళ’లో తమ పక్కన కూర్చునే స్నేహితురాలు ఉంటుంది, తమకు చదవడం నేర్పిన టీచరు ఉంటారు.

తన సమాజాన్ని కేంద్రంగా పెట్టుకుని, మిగిలిన అందరినీ దాని కొలతతోనే కొలిచే ఈ ధోరణిని సామాజిక శాస్త్రంలో ఎథ్నోసెంట్రిజం అంటారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త విలియం గ్రాహం సమ్నర్ 1906లో వెలువరించిన గ్రంథంతో ఈ భావన బాగా ప్రచారంలోకి వచ్చింది కానీ, ధోరణి మాత్రం మనిషంత పాతది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దిలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ దీని గురించి ఒక కథ చెప్పాడు. పర్షియా చక్రవర్తి డేరియస్ తన కొలువులోని గ్రీకులను పిలిచి, ఎంత ధనమిస్తే చనిపోయిన తండ్రుల శరీరాలను తింటారని అడిగితే, ఎంతిచ్చినా ఆ పని చేయమన్నారట. తరువాత ఆయన, తండ్రుల శరీరాలను తినే ఆచారమున్న కల్లాటియై అనే భారతీయ తెగవారిని పిలిచి, ఎంతిస్తే గ్రీకుల్లా వాటిని దహనం చేస్తారని అడిగితే, అంత ఘోరమైన మాట అనవద్దని వాళ్ళు కేకలు పెట్టారట. ఈ కథ చదివే తెలుగువారిలో చాలామందికి, దహనం తెలిసినవాళ్ళం కనుక, గ్రీకుల పక్షమే సహజమనిపిస్తుంది. ఆ దహనం మాటకే వణికిపోయినవాళ్ళను హెరొడోటస్ భారతీయులుగా చెప్పాడన్న సంగతి గుర్తుకు వచ్చినప్పుడు ‘మనవాళ్ళు’ అనే గీత ఎక్కడ గీయాలో తెలియక ఆగిపోతాము.

మా పెద్దమ్మాయి ఈ కథ విన్నప్పుడు, “అయితే ఎవరిది కరెక్ట్, అమ్మా?” అని అడిగింది. రెండు పక్షాలూ ఏం కోరుకున్నాయో ముందు చూడమన్నాను. ఇద్దరూ తండ్రిని గౌరవించాలనే కోరుకున్నారు. వింతగా కనిపించే ఏ పద్ధతి ఎదురైనా, దీనితో వీళ్ళు దేన్ని కాపాడుకుంటున్నారు అని అడగడం ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక అలవాటుగా మారింది. మామయ్యగారు మా దగ్గరికి వచ్చినప్పుడు, పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడను చూసి, “పాపం, పిల్లలు వదిలేశారు” అన్నారు. “వదిలెయ్యలేదు తాతయ్యా, వాళ్ళబ్బాయి ఆదివారాలు వస్తాడు. ఆవిడే తన ఇంట్లో తనే ఉంటానంది” అని అమ్మాయి చెప్పింది. మామయ్యగారు కాసేపు ఆలోచించి, “నేను కూడా మన ఊళ్ళో ఇల్లు వదిలి రానన్నాను కదా” అన్నారు. ఆయనకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం రాలేదు.

ఈ విషయానికి మరో వైపు ఉంది, నా దృష్టిలో అదే ఎక్కువ బాధ కలిగించేది. “అమ్మా, స్కూల్ దగ్గర గట్టిగా తెలుగులో పిలవకు” అని మావాడు ఒకసారి అన్నాడు. అప్పుడు వాడి చూపు నా మీద లేదు, గేటు దగ్గర నిలబడ్డ స్నేహితుల మీద ఉంది. సాంస్కృతిక భేదాలను మనుషులు ఎలా స్వీకరిస్తారో వివరిస్తూ అమెరికా పరిశోధకుడు మిల్టన్ బెన్నెట్ 1986లో ఆరు దశల నమూనా ఒకటి ప్రతిపాదించాడు. అందులోని మొదటి మూడు దశలూ స్వసంస్కృతి చుట్టూనే తిరుగుతాయి. రెండవదైన రక్షణ దశలో మనిషి తన సంస్కృతే గొప్పదని పట్టుబడతాడు. దీనికే ఒక తలకిందుల రూపం ఉందని, అందులో ఎదుటివారిదే గొప్పదై, తనది చిన్నబోతుందని ఆయన గుర్తించాడు. ప్రవాసంలో పెరిగే పిల్లలకు ఈ తలకిందుల రూపం చాలా దగ్గరగా ఉంటుంది. సంస్కృతులు ఒక నిచ్చెన మీద మెట్లుగా ఉంటాయని ఇంట్లో మనమే నేర్పితే, బయట లోకం పై మెట్టున వేరొకరిని చూపించిన రోజున పిల్లవాడు ఆ నిచ్చెనను వదులుకోడు, మనల్ని కింది మెట్టు మీదికి దించుతాడు. కాబట్టి ఇతరులను చులకన చేసి మన సంస్కృతిని కాపాడుకోవచ్చని అనుకునే తల్లిదండ్రులు సరిగ్గా దాని నష్టానికే దారి వేస్తున్నారని నేను గట్టిగా నమ్ముతాను.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 29వ అధికరణం, విద్య వలన బిడ్డకు తన తల్లిదండ్రుల పట్ల, తన భాష, సాంస్కృతిక గుర్తింపు, విలువల పట్ల, తాను నివసించే దేశపు విలువల పట్ల, తాను వచ్చిన దేశపు విలువల పట్ల, తన నాగరికతకు భిన్నమైన నాగరికతల పట్ల గౌరవం పెరగాలని చెబుతుంది. వీటన్నిటినీ ఒకే వాక్యంలో, ఒకదానికొకటి అడ్డు కాదన్నట్టుగా పెట్టడం నాకెంతో నచ్చింది.

ఒకే తరగతిలో కూర్చున్నంత మాత్రాన ఈ గౌరవం పుట్టదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పినట్టు, కలిసిన గుంపుల మధ్య సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, అధికారంలో ఉన్నవారి మద్దతు ఉన్నప్పుడే దురభిప్రాయాలు కరుగుతాయి. వారాంతాలన్నీ మనవాళ్ళ ఇళ్ళలోనే గడిపే కుటుంబాలు ఈ సంగతి తీరిగ్గా ఆలోచించాలి.

గౌరవమంటే అన్నిటికీ తల ఊపడం కాదు. మనిషిని హింసించే, కించపరిచే ఆచారం ఎవరిదైనా తప్పేనని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి, ఆ కొలతను మొదట మన మీదే వాడాలి. వేరే సమాజంలోని జాతివివక్ష గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, మా అమ్మాయి మనలోని కులం గురించి అడిగింది. భారత రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని, ఆ రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చిందని వాళ్ళ నాన్న చెప్పారు. “అప్పుడే రద్దయితే, ఇక్కడ కూడా అంకుల్ వాళ్ళు మనం ఏ కులమని ఎందుకు అడుగుతున్నారు?” అని ఆమె అడిగింది. ‘పెద్దల విషయాలు నీకెందుకు’ అని మాట దాటవేయకుండా, మాకు తెలిసినదంతా ఆ సాయంత్రం కూర్చుని చెప్పాము. మా జవాబుల్లో కొన్నిటిని ఆమె ఒప్పుకోలేదు.