సుపోషక వరిగడ్డి ఊళ్లలో ఎందుకు నిలవలేదు

వరికోత యంత్రాలు వచ్చాక కృష్ణా, గోదావరి డెల్టాల్లో గడ్డి చాలాచోట్ల చేలోనే చెల్లాచెదురుగా ఉండిపోతోంది. దానిని పోగుచేసి గడ్డివాములు వేసుకున్నా మేతగా దాని విలువ తక్కువే. మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. శక్తినిచ్చే సెల్యులోజుకు కొదవ లేదు గాని, లిగ్నిన్ అనే గట్టి చెక్క పదార్థం దానిని బిగించి ఉంచడం వల్ల, పైగా సిలికా ఎక్కువ కావడం వల్ల, పశువు కడుపులోని సూక్ష్మజీవులకు అది సులువుగా అందదు.

దీనికి పశువైద్యులు దశాబ్దాలుగా చెబుతున్న ఉపాయం యూరియాతో గడ్డిని సుపోషకం చేయడం. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో గడ్డలు లేకుండా కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ పట్టాతో కప్పి 21 రోజులు ఉంచాలి. గడ్డి మీది బ్యాక్టీరియా యూరియాను అమ్మోనియాగా విడగొడుతుంది. ఆ క్షారం లిగ్నిన్‌కూ, సెల్యులోజు లాంటి మరో పీచు పదార్థమైన హెమీసెల్యులోజుకూ మధ్య ఉన్న బంధాలను తెంచుతుంది. గడ్డి మెత్తబడి పశువు ఎక్కువగా తింటుంది, ముడి మాంసకృత్తులు (నత్రజనిని బట్టి లెక్కగట్టేవి) 7 శాతం దాకా చేరతాయి. నిజానికి ఆ పెరుగుదల చాలావరకు గడ్డిలో నిలిచిన నత్రజనే. దానిని మాంసకృత్తులుగా మార్చేది నెమరువేసే పశువు కడుపులోని సూక్ష్మజీవులు. అందుకే, నెమరువేసే కడుపు ఇంకా పూర్తిగా ఎదగని ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టకూడదు.

ఇంత చవకైన పద్ధతిని రైతులు పట్టించుకోకపోవడానికి అవగాహన లేకపోవడమే కారణమంటే నేను ఒప్పుకోను. నీళ్లు మోసి, గడ్డి పరచి, తొక్కే చాకిరీ ఎక్కువగా ఇంటి ఆడవారి మీద పడుతుంది. పచ్చిమేత, తవుడు, వేరుశనగ చెక్క అందే ఇంట్లో అదనంగా వచ్చే పాలు ఆ శ్రమకు సరిపోవు. ఏ మేతా దొరకని కరువు వేసవిలోనే దీని ప్రయోజనం స్పష్టంగా కనిపిస్తుంది. చాఫ్ కట్టర్‌తో గడ్డిని ముక్కలు చేసి, కుడితి చల్లి పెట్టడం ఇంతకంటే తేలిక.

నాణ్యతకు వెల కట్టడం పాడి రైతులకు తెలియని విషయమేమీ కాదు. హైదరాబాద్ మార్కెట్లో జొన్న చొప్ప కొనేవారు జీర్ణత కొద్ది శాతమే ఎక్కువున్న రకానికి కూడా గణనీయంగా ఎక్కువ ధర ఇస్తున్నట్లు పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలో పనిచేసే పశు పరిశోధకులు గమనించారు. అటువంటప్పుడు గింజతో పాటు చొప్ప నాణ్యతను కూడా చూసి వంగడాలను ఎంపిక చేయడం, పంట చేతికొచ్చాక గడ్డిని బాగుచేయడం కంటే మేలైన దారి అని నాకనిపిస్తుంది. అందులో రైతుకు అదనపు చాకిరీ లేదు.

అదే వరిగడ్డి నుంచి మనిషికి తిండి కావాలంటే ముత్యపు చిప్ప పుట్టగొడుగులు ఉన్నాయి. పశువు అరిగించుకోలేని లిగ్నిన్‌ను ఈ శిలీంధ్రం తన ఎంజైములతో విడగొట్టగలదు. గడ్డిని ముక్కలు చేసి, నానబెట్టి, వేడినీటిలో శుద్ధిచేసి, పుట్టగొడుగు విత్తనంతో కలిపి సంచుల్లో నింపితే కొద్ది వారాల్లో కోత మొదలవుతుంది. కోతల తర్వాత మిగిలిన గడ్డిని పశువులకు పెట్టవచ్చని కొందరు అంటారు గాని, పచ్చ, నల్ల బూజు పట్టిన సంచులను మాత్రం ఎరువు గుంటకే పంపాలి.