రొయ్యల పాస్తాకు మన చపాటా మిర్చి

రొయ్యల పాస్తా వండాలనుకున్నవారు చాలామంది ముందుగా తలకాయలు, పెంకులు తీసి పారేస్తారు. ఆ వంటకానికి అసలు రుచి వాటిలోనే ఉన్నదని నా గట్టి నమ్మకం. హనుమకొండలోని మా ఇంట్లో ఆదివారం రాత్రి భోజనానికి దీన్ని తరచుగా వండుకుంటాం. మీగడ గానీ, గరం మసాలా గానీ, సీసాలో దొరికే సాస్ గానీ వేయం. పెంకులు, వెల్లుల్లి, చపాటా మిర్చి, పాస్తా ఉడికిన నీళ్లు ఉంటే చాలు.

సముద్రానికి ఇంత దూరాన ఉన్న మన జిల్లాల్లో రొయ్య అంటే ఒకప్పుడు ఎండు రొయ్యే. చుక్కకూరలోనో, వంకాయలోనో వేసి వండుకునేవారు. ఇప్పుడు కోస్తా చెరువుల్లో పెంచిన వనామి రొయ్యలు మంచు పెట్టెల్లో ఇక్కడిదాకా వస్తున్నాయి. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానికి చెందిన ఈ జాతి పెంపకానికి మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. మార్కెట్లో నేను ఎప్పుడూ కొనే అక్క తూకం వేయగానే "తలకాయలు దీసెయ్యాల్నా అన్నా?" అని అడుగుతుంది. "వద్దక్కా, తలకాయలతోనే ఇయ్యి" అంటాను. అయితే తలలో ఉండే జీర్ణగ్రంథి రసాలు కండను మెత్తబరుస్తాయి కనుక ఇంటికి రాగానే తలలను వేరు చేయడం మంచిది. కిలో రొయ్యలు ఒలిస్తే సుమారు సగమే కండగా మిగులుతుంది. నలుగురికి అది సరిపోతుంది. వీపు మీద కత్తి మొనతో సన్నగా గీరి నల్లటి పేగును లాగేసి, కండకు చిటికెడు పసుపు, ఉప్పు పట్టించి పక్కన పెట్టుకోవాలి.

ఇక చపాటా సంగతి. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల్లో పండే ఈ మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. పొట్టిగా, బొద్దుగా, టమాటాను తలపించే ఈ కాయకు ఘాటు తక్కువ, ఎరుపు చాలా ఎక్కువ. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే రాసుల్లో దీన్ని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. విదేశీ వంటల్లో రంగు కోసం వేసే పాప్రికా పొడిని డబ్బు పోసి కొనేకన్నా, మన చేలో పండిన ఈ కాయలను నాలుగైదు తీసుకొని, గింజలు దులిపి, వేడినీళ్లలో నానబెట్టి మెత్తగా నూరుకుంటే దానికన్నా మంచి రంగు వస్తుందని నేను నమ్మకంగా చెప్పగలను.

ఈ మిర్చి ఎరుపు, వండిన రొయ్య పెంకు ఎరుపు దగ్గరి చుట్టాలు. రెండూ కెరొటినాయిడ్ జాతి వర్ణకాలే. పచ్చి రొయ్యలో ఆ వర్ణకం ఒక ప్రొటీన్‌కు అంటుకొని ఉండటం వల్ల బూడిద రంగులో కనిపిస్తుంది. వేడికి ఆ ప్రొటీన్ విడిపోగానే ఎర్రదనం బయటపడుతుంది. ఇవి రెండూ నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. అందువల్ల పెంకులను నేరుగా నీళ్లలో వేసి మరిగించకుండా మొదట నూనెలో వేయించడమే పద్ధతి. అడుగు మందంగా ఉన్న కడాయిలో నాలుగు పెద్ద చెంచాల పల్లి నూనె పోసి, తలలూ పెంకులూ వేసి, మధ్యస్థమైన మంట మీద ఏడెనిమిది నిమిషాలు వేయిస్తూ గంటె వెనుకతో తలలను గట్టిగా నొక్కాలి. లోపలి రసం దిగి, నూనె నారింజ రంగుకు తిరిగి, పచ్చి నీచు వాసన పోయి కమ్మటి వాసన వస్తున్నప్పుడు మూడు గ్లాసుల నీళ్లు పోసి ఇరవై నిమిషాలు సన్నని సెగ మీద మరగనిచ్చి వడకట్టాలి. పైన తేలే ఎర్రటి నూనెను తీసేయకూడదు.

పాస్తా కొనేటప్పుడు ప్యాకెట్ మీద డ్యూరం గోధుమ రవ్వ అని ఉన్నదో లేదో చూసుకోవాలి. ఇటలీలో ఎండు పాస్తాను దానితోనే చేయాలని 1967లో చట్టమే చేశారు. మైదాతో చేసినది తొందరగా మెత్తబడి ముద్దవుతుంది. నలుగురికి 350 గ్రాముల స్పగెటీకి నాలుగు లీటర్ల నీళ్లు, లీటరుకు 10 గ్రాముల ఉప్పు.

పాస్తా ఉడుకుతుండగా వెడల్పాటి మూకుడులో కొద్దిగా నూనె కాగనిచ్చి రొయ్యలను రెండు వైపులా ఒక్కో నిమిషం చొప్పున వేయించి తీసేయాలి. రొయ్య అర్ధచంద్రంలా వంగితే ఉడికినట్టు. సున్నాలా చుట్టుకుపోయిందంటే గట్టిపడినట్టే. అదే నూనెలో పది వెల్లుల్లి రెబ్బల సన్నని చక్రాలను తక్కువ మంట మీద లేత బంగారు రంగు వచ్చేదాకా ఉంచి, చపాటా ముద్ద వేసి నూనె తేలేవరకు వేయించి, పెంకుల రసం పోసి సగం ఇగిరిపోనివ్వాలి. అల్లం ఇందులో వేయవద్దని నా సలహా; దాని ఘాటు రొయ్యలోని తీపిని కప్పేస్తుంది. ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందే పాస్తాను తీసి ఈ రసంలో వేసి, అది ఉడికిన నీళ్లు ఒక గ్లాసు పోస్తూ పెద్ద మంట మీద ఆపకుండా కలపాలి. ఆ నీళ్లలోని పిండిపదార్థం నూనెనూ రసాన్నీ కలిపి చిక్కబరచి, ప్రతి పోగుకూ పట్టిస్తుంది. చివరి అర నిమిషంలో రొయ్యలు, దించాక నిమ్మరసం, సన్నగా తరిగిన కొత్తిమీర.

చీజ్ చల్లుకోవాలని పిల్లలు అడుగుతారు. ఇటలీలో చేపలు, రొయ్యల పాస్తాకు సాధారణంగా చీజ్ వేయరు, ఇంత శ్రమపడి తీసిన పెంకుల రుచి మీద దాన్ని చల్లడం నాకూ ఇష్టం లేదు. రొయ్యలు మళ్లీ వేడిచేస్తే గట్టిపడతాయి కనుక ఆ పూటకు సరిపడానే వండి, పెంకుల రసం మిగిలితే మాత్రం ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. కోడిగుడ్ల పులుసులో నీళ్లకు బదులు పోస్తే చాలా బాగుంటుంది.