లాగ్‌లు అందరికీ కనిపించాలి

ఈ దేశం వచ్చిన కొత్తలో నన్ను బాగా టెన్షన్ పెట్టింది ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో, ఏదైనా ఆగినప్పుడు జరిగే టీమ్ కాల్. తలో దేశం నుంచి వచ్చినవాళ్లం. ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్ల ఊహే అక్కడ కారణంగా చెలామణీ అయ్యేది. నేను వాక్యం కూడదీసుకునేలోపు చర్చ ఇంకెటో వెళ్లిపోయేది. పోనీ ఆధారం చూపిద్దామంటే, మా ప్రోగ్రామ్‌లను కంటైనర్లలో (విడివిడి డబ్బాల్లో పెట్టినట్టు) నడిపించే కుబర్నెటీస్, ఆగిన పాడ్‌ను (ఆ కంటైనర్లు నడిచే యూనిట్‌ను) తీసేసి వేరే నోడ్ మీద, అంటే వేరే మెషిన్ మీద, కొత్తది లేపేది. పాతదాని లాగ్‌లు, అంటే అది ఏం చేసిందో వరసగా రాసుకున్న రికార్డు, దాంతోపాటే పోయేవి.

అందుకే లాగ్‌లన్నీ ఒకచోటికి చేర్చే పని నేనే అడిగి తీసుకున్నాను. లాగ్‌లు పోగుచేసే ఫ్లుయెంట్ బిట్ అనే టూల్‌ను డీమన్‌సెట్ అనే కుబర్నెటీస్ పద్ధతిలో పెడితే ప్రతి నోడ్ మీదా ఒక పాడ్ నడుస్తుంది. కంటైనర్ల లాగ్ ఫైళ్లు చదివి, ప్రతి వరుసకూ పాడ్ పేరు, నేమ్‌స్పేస్ (ఆ పాడ్ ఏ విభాగానిదో) తగిలించి, లాగ్‌లను దాచి వెతికిపెట్టే ఎలాస్టిక్‌సెర్చ్‌కు పంపుతుంది. వాటిని బ్రౌజర్‌లో చూడటానికి కిబానా. ఎలాస్టిక్‌సెర్చ్ మాత్రం కంటైనర్‌లో పెట్టగానే లేవదు. నోడ్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) మ్యాక్స్ మ్యాప్ కౌంట్, అంటే ఒక ప్రోగ్రామ్‌కు ఉండగల మెమరీ మ్యాపింగ్‌ల పరిమితి, కనీసం 262144 ఉండాలి. కెర్నల్ నోడ్‌ది కాబట్టి ఆ విలువ కంటైనర్ ఇమేజ్‌లో (కంటైనర్ తయారయ్యే మూసలో) పెట్టి పంపేది కాదు, నోడ్ మీదే మార్చాలి. డిస్క్ మీదా కన్నేసి ఉంచాలి. మామూలు సెట్టింగ్‌లో 95 శాతం నిండిందంటే ఇండెక్స్‌లు (ఎలాస్టిక్‌సెర్చ్ లాగ్‌లు దాచే అరలు) కొత్త రాతలు తీసుకోవడం మానేస్తాయి. పాత లాగ్‌లు వాటంతటవే తొలగిపోయే పాలసీ మొదటి రోజే పెట్టేయడం మంచిది.

మా టీమ్‌కు అసలు చిక్కు గడియారంతో వచ్చింది. కిబానా మామూలుగా ఎవరి బ్రౌజర్ టైమ్‌జోన్‌లో వాళ్లకు సమయం చూపిస్తుంది. "రెండున్నరకు వచ్చిన ఎర్రర్" అంటే ఎవరి రెండున్నర? అందరికీ యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం, పెట్టేశాక ఆ వాదన ఆగింది.

ఆ తర్వాతి కాల్‌లో నెట్‌వర్క్ సమస్యేనని ఒకరు గట్టిగా చెబుతున్నారు. నేను చాట్‌లో కిబానా లింక్ పెట్టాను. డేటాబేస్ కనెక్షన్ పూల్ (వాడుకోవడానికి తెరిచి ఉంచిన కనెక్షన్ల నిల్వ) ఖాళీ అయిందన్న వరుస, దాని కింద అదే నిమిషంలో వరసగా టైమౌట్‌లు, అంటే గడువులోగా జవాబు రాలేదన్న ఎర్రర్‌లు. అందరూ చదివారు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత పూల్ సైజు గురించి మొదలుపెట్టారు. నేను వివరించాల్సిన పనే పడలేదు.

ఇప్పుడు మా టీమ్‌లో ఎవరు చేరినా మొదటి రోజే కిబానా యాక్సెస్ ఇప్పిస్తున్నాను. సీనియర్లకే చాలన్న మాట వచ్చింది, నేను ఒప్పుకోలేదు. పాస్‌వర్డులు, కస్టమర్ వివరాలు ఫ్లుయెంట్ బిట్ దగ్గరే ఫిల్టర్‌తో చెరిపేస్తున్నాం కాబట్టి, కొత్తవాళ్లకు ఇవ్వడానికి అడ్డు చెప్పే కారణం కూడా లేదు.