సబ్‌వర్షన్‌లో బ్రాంచి అంటే ఫోల్డరే

సబ్‌వర్షన్, గిట్ రెండూ కోడ్‌లో జరిగిన మార్పుల చరిత్రను దాచే పనిముట్లు. పదేళ్ల చరిత్ర ఉన్న ఒక సబ్‌వర్షన్ రిపాజిటరీని, అంటే కోడ్ దాచిన చోటును, గిట్‌లోకి మార్చే పని ఆ మధ్య నా మీద పడింది. ఫోల్డర్ల లేఅవుట్ మామూలుదేనని, అంటే ప్రధాన కోడ్ ట్రంక్ ఫోల్డరులో, బ్రాంచిలు వాటి ఫోల్డరులో ఉన్నాయని, ఈ మార్పిడి చేసే గిట్ ఎస్‌వీఎన్ అనే పనిముట్టుకు చెప్పి, చరిత్రనంతా కాపీ చేసే క్లోన్ మొదలుపెట్టి ఇంటికి వెళ్లిపోయాను. ఉదయం చూస్తే నలభైకి పైగా ఉండవలసిన బ్రాంచిలు (ప్రధాన కోడ్ నుంచి చీలి విడిగా సాగే పాయలు) ఐదే ఉన్నాయి. వాటిలో మూడింటి పేర్లు 2014, 2015, 2016. చివరిదాన్ని తెరిస్తే ఆ ఏడాది విడుదలలన్నీ అందులో ఒక్కో ఫోల్డరుగా వరుసగా కనిపించాయి.

తప్పు పనిముట్టుది కాదు, నాది. సబ్‌వర్షన్‌కు బ్రాంచి అనే వస్తువే తెలియదు. దానికి తెలిసినవి డైరెక్టరీలూ, ఒక డైరెక్టరీ ఏ రివిజన్‌లో (సంఖ్య వేసి నమోదైన మార్పులో) ఎక్కడి నుంచి కాపీ అయిందన్న గుర్తూ మాత్రమే. బ్రాంచిల ఫోల్డరు కింద మొదటి మెట్టులో ఉన్న ప్రతి ఫోల్డరూ ఒక బ్రాంచి అని గిట్ ఎస్‌వీఎన్ అనుకుంటుంది. మావాళ్లు మధ్యలో ఏడాది పేరుతో ఇంకో మెట్టు పెట్టారు కాబట్టి, ఆ మెట్టే దానికి బ్రాంచిగా తోచింది.

అందుకని కాన్ఫిగ్ ఫైలులో ఒక్కో ఏడాదికి ఒక్కో బ్రాంచి వరుస రాసి, ఏ ఏడాదికీ చెందని రెండు బ్రాంచిల పేర్లను మీసాల బ్రాకెట్లలో విడిగా ఇచ్చాను. అయితే పాత క్లోన్‌నే సరిదిద్దుకుందామనుకోవడం పొరపాటు. 2016 అనే రెఫ్ (బ్రాంచికి గిట్ పెట్టుకునే పేరు) అప్పటికే ఉండగా ఆ పేరు కింద మరో రెఫ్‌ను గిట్ ఉండనివ్వదు. ఖాళీ డైరెక్టరీలో మళ్లీ మొదలుపెట్టడమే దగ్గరి దారి.

ఈసారి బ్రాంచిలన్నీ వచ్చాయి గానీ, ఒకదానికి తల్లి లేదు. దాని మొదటి కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) శూన్యం నుంచి ఊడిపడినట్టు ఉంది. సబ్‌వర్షన్ లాగ్‌ను వివరంగా తీసి చూస్తే, ఆ ఫోల్డరు పక్కన ఉండవలసిన కాపీ గుర్తు కనిపించలేదు. ఎవరో ట్రంక్‌ను తమ డిస్కులో మామూలుగా కాపీ చేసుకుని, కొత్త ఫైళ్లుగా చేర్చారన్న మాట. ఏ పనిముట్టూ ఊహించలేని చుట్టరికం అది. ఫైళ్లను పోల్చుకుంటూ ట్రంక్‌లో దగ్గరి కమిట్‌ను వెతికి, గిట్ రీప్లేస్ అనే ఆదేశంలోని గ్రాఫ్ట్‌తో అంటుకట్టడానికి నాకు ఒక పూట పట్టింది.

పేరు చివర ఎట్ (@) గుర్తూ రివిజన్ సంఖ్యా ఉన్న రెఫ్‌లు కూడా కొన్ని వచ్చాయి. ట్రంక్ ఫోల్డరు పుట్టకముందు కోడ్ అంతా రిపాజిటరీ పైమెట్టు ఫోల్డరులోనే ఉండేది. ఆ పాత దారిని వెంబడించినప్పుడు గిట్ ఎస్‌వీఎన్ వేసుకున్న గుర్తులవి. వాటి కమిట్లు ట్రంక్ చరిత్రలో ఉన్నాయని చూసుకున్నాకే తీసేశాను.

చివరగా ప్రతి బ్రాంచినీ సబ్‌వర్షన్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి గిట్‌లోని ఫైళ్లతో పోల్చాను. తేడాలు రెండే రకాలు మిగిలాయి: గిట్ దాచుకోని ఖాళీ ఫోల్డర్లు, ఎక్స్‌పోర్ట్ సమయంలో సబ్‌వర్షన్ విస్తరించిన కీవర్డ్ వరుసలు (రివిజన్ సంఖ్య, తేదీ వంటివి అదే నింపే చోట్లు).