బ్రాడీపేట మేడగదికి వైఫై ఎందుకు అందలేదు

మా అక్క కూతురు ఎంసీఏ చదవడానికి విజయవాడ నుంచి గుంటూరు వచ్చి, బ్రాడీపేటలోని మా ఇంట్లో మేడమీది గదిలో ఉంటోంది. ఆమె కోసం కొన్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇచ్చింది నేనే. సత్యనారాయణపురంలో అక్క ఇంట్లో వాడినన్నాళ్లూ అది ఏ ఇబ్బందీ పెట్టలేదు. గుంటూరు వచ్చిన రెండో రోజునే, "మావయ్యా, కింద హాల్లో బాగానే వస్తోంది గానీ, పైకి తీసుకెళ్తే మన వైఫై పేరే కనిపించడం లేదు" అని చెప్పింది.

నేను ఊళ్లో లేని వారంలో ఆమె ఆ ల్యాప్‌టాప్‌ను రెండు మరమ్మతు దుకాణాల్లో చూపించింది. ఒకచోట వైఫై కార్డు పోయిందన్నారు. మరోచోట తప్పంతా లినక్స్‌దేనని, దాన్ని తీసేసి వేరే సిస్టమ్ వేయించుకుంటే సరిపోతుందని చెప్పారు. ఈ రెండో మాట నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే ఆ అమ్మాయికి లినక్స్ నేర్చుకోమని చెప్పిన మనిషిగా, అది చదువుకు అడ్డం కాకుండా చూడవలసిన బాధ్యత నాది. "ఒక్క ఆదివారం నాకివ్వు తల్లీ, అప్పటిదాకా దేన్నీ చెరిపేయకు" అన్నాను.

ఆ ఆదివారం మేము చేసిన మొదటి పని టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరవడం కాదు, ఆమె ఫోనును, ల్యాప్‌టాప్‌ను మేడగదిలో ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడడం. ఫోనులో సిగ్నల్ నిండుగా ఉంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం మా రౌటరు పేరు ఒకసారి కనిపించి, మరోసారి మాయమవుతోంది. ఈ ఒక్క పోలికతో రౌటరు మీద, మా పాత ఇంటి మందపు గోడల మీద, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ మీద ఉన్న అనుమానాలన్నీ తీరిపోయాయి. సత్యనారాయణపురంలో ఇబ్బంది ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. అక్క ఇంట్లో రౌటరు ఆ అమ్మాయి చదువుకునే బల్లకు మూరెడు దూరంలో ఉండేది. కాబట్టి లోపం మొదటినుంచీ ఉంది. దూరం పెరిగాక బయటపడింది.

వైర్‌లెస్ పరికరం పనిచేయడానికి ఒకదాని తర్వాత ఒకటిగా కొన్ని పనులు జరగాలి. యంత్రం ఆ పరికరాన్ని గుర్తించాలి, దానికి తగిన డ్రైవరు (ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) దొరకాలి, డ్రైవరు ఆ చిప్‌లోకి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి, రేడియో మీద నిషేధం ఉండకూడదు, ఆ తర్వాతే సిగ్నల్, పాస్‌వర్డు, ఐపీ చిరునామా వంటి విషయాలు వస్తాయి. ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిన పది కమాండ్లను వరసగా అతికించేవారు ఈ గొలుసులో ఏ లింకు తెగిందో చూడకుండానే అన్నిటినీ ఒకేసారి కదిలిస్తారు. ఒకవేళ అదృష్టవశాత్తూ బాగైనా, ఏది బాగుచేసిందో వారికి తెలియదు.

పరికరాన్ని గుర్తించడానికి, లోపలి పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండును ఎన్‌ఎన్‌కే అనే ఆప్షన్లతో నడిపాం. యూఎస్‌బీ ద్వారా తగిలించే పరికరాలైతే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ వాడాలి. మాకు కనిపించిన వరుసలో 10ఈసీ:బీ723 అనే గుర్తింపు సంఖ్య ఉంది. ఇదేమిటని మా మేనకోడలు అడిగినప్పుడు మా వీధి చిరునామాతోనే చెప్పాను. బ్రాడీపేటలో 4/7 అని రాస్తే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని ఎలా అర్థమో, ఇక్కడ మొదటి సగం తయారీదారును, రెండో సగం ఆ తయారీదారు చేసిన నిర్దిష్టమైన చిప్‌ను చెబుతాయి. ఇది రియల్‌టెక్ 8723బీఈ చిప్. ల్యాప్‌టాప్ మీద ఉండే కంపెనీ పేరుతో వెతికితే దొరకని సమాచారం ఈ సంఖ్యతో వెతికితే దొరుకుతుంది, అందుకే ఎవరు సహాయం అడిగినా నేను ముందు దీన్నే చెప్పమంటాను. అదే వరుస కింద వాడుకలో ఉన్న డ్రైవరు పేరు ఆర్‌టీఎల్8723బీఈ అని కనిపించింది. అంటే కార్డు పోలేదు, డ్రైవరు ఉంది.

ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అనే కమాండు రేడియో మీద ఏదైనా నిషేధం ఉందేమో చెబుతుంది. అందులో సాఫ్ట్ బ్లాక్ అంటే సిస్టమ్ సెట్టింగుల ద్వారా ఆపినది, హార్డ్ బ్లాక్ అంటే ల్యాప్‌టాప్ మీది మీట లేదా ఫంక్షన్ కీ ద్వారా ఆపినది. రెండో రకాన్ని ఏ కమాండూ తీయలేదు, ఆ మీటనే నొక్కాలి. మా యంత్రంలో రెండిటికీ "లేదు" అనే సమాధానమే వచ్చింది.

ఫర్మ్‌వేర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇలాంటి చాలా చిప్‌లు తాము నడవడానికి కావలసిన ప్రోగ్రామును శాశ్వతంగా తమలో దాచుకోవు. కంప్యూటర్ లేచిన ప్రతిసారీ లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఆ ఫైలును డిస్కు నుంచి తీసి చిప్‌కు అందించాలి. ఆ ఫైలు లేకపోతే డ్రైవరు ఉండి కూడా వైఫై రాదు. లినక్స్ రూపాల్లో ఒకటైన డెబియన్ అధికారిక ఇన్‌స్టాలరులో స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్ ఫైళ్లు చాలాకాలం ఉండేవి కావు. 2022లో సభ్యులు ఓటు వేసి నిర్ణయం మార్చుకున్నాక, 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి వాటిని చేర్చారు. స్వేచ్ఛను కోరుకునే సమాజం అలా ఒక మెట్టు దిగవలసి రావడం నాకు ఇష్టం లేకపోయినా, వైఫై లేక ఇన్‌స్టాలేషన్ దగ్గరే ఆగిపోయిన విద్యార్థులను చూసినవాణ్ణి కనుక ఆ నిర్ణయం సరైనదేనని నమ్ముతాను. మా విషయంలో డీమెసేజ్ అనే కమాండు చూపించిన కెర్నెల్ సందేశాల్లో ఫర్మ్‌వేర్ ఫైలు సక్రమంగానే ఎక్కినట్టు ఉంది.

అంటే గొలుసులో మొదటి నాలుగు లింకులూ బాగున్నాయి. ఇక సిగ్నల్‌ను కొలవాలి. తెర మూలన కనిపించే గీతలను నమ్మకుండా ఐడబ్ల్యూ అనే కమాండుతో సంఖ్యను చూశాం. రౌటరు పక్కన నిలబడితే మైనస్ 52 డీబీఎం, మెట్ల మలుపు దగ్గర మైనస్ 76, మేడగదిలో మైనస్ 85. ఈ కొలతలో మైనస్ తర్వాత వచ్చే అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమవుతుంది, ప్రతి పది అంకెలకూ బలం పదో వంతుకు పడిపోతుంది. రౌటరుకు రెండడుగుల దూరంలో కూడా మైనస్ 52 రావడం నాకు అనుమానం కలిగించింది, ఎందుకంటే నా ల్యాప్‌టాప్‌లో అక్కడ మైనస్ 30కి దగ్గరగా వస్తుంది. మధ్యలో పవర్ సేవింగ్‌ను కూడా ఆపి చూశాం. నెట్‌వర్క్‌మేనేజర్ కాన్ఫిగరేషన్‌లో వైఫై పవర్‌సేవ్ విలువను 3 నుంచి 2కు మారిస్తే అది ఆగుతుంది. కనెక్షన్ ఉండీ ఉండీ తెగిపోయే యంత్రాలకు ఈ మార్పు బాగా పనిచేస్తుంది గానీ, మా సమస్య ఎప్పుడూ బలహీనంగా ఉండడమే కాబట్టి ఏ తేడా రాలేదు.

దగ్గరలో ఉన్నా సరిగా వినిపించడం లేదంటే చెవిలోనే లోపం ఉండాలి. ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి చూశాం. కార్డు మీద యాంటెన్నా తగిలించడానికి రెండు చిన్న గుండ్రని కనెక్టర్లు ఉన్నాయి, కానీ ల్యాప్‌టాప్ తయారీదారు ఒక్క తీగను మాత్రమే తెచ్చి ఒక కనెక్టరుకు తగిలించారు. ఆ తీగ ఏ కనెక్టరుకు ఉందో చిప్‌లోని శాశ్వత జ్ఞాపకంలో రాసిపెట్టాలి. అక్కడ తప్పుగా రాసి ఉంటే డ్రైవరు ఖాళీ కనెక్టరు దగ్గర చెవి పెట్టి వింటుంది. రౌటరు పక్కనే ఉంటే ఆ ఖాళీ కనెక్టరుకు కూడా కొంత సిగ్నల్ అందుతుంది కాబట్టి అంతా సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

మాడ్‌ఇన్‌ఫో అనే కమాండుకు డ్రైవరు పేరు ఇస్తే, ఆ డ్రైవరు ఏయే పరామితులను (మనం మార్చగల విలువలను) అంగీకరిస్తుందో చూపిస్తుంది. అందులో యాంట్, అండర్‌స్కోర్, సెల్ అనే అక్షరాలతో ఒక పరామితి ఉంది. దానికి 1 లేదా 2 ఇస్తే డ్రైవరు ఆ సంఖ్య గల యాంటెన్నానే వాడుతుంది. ఏమీ ఇవ్వకపోతే విలువ సున్నాగా ఉండి, చిప్‌లో రాసి ఉన్నదాన్నే నమ్ముతుంది. సరిగ్గా ఇలాంటి ల్యాప్‌టాప్‌ల కోసమే 2016లో ఈ పరామితిని డ్రైవరులో చేర్చినవారు ల్యారీ ఫింగర్. బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ వైర్‌లెస్ చిప్‌లు లినక్స్‌లో పనిచేయడానికి ఆయన దాదాపు రెండు దశాబ్దాలు శ్రమించి, 2024 జూన్‌లో కన్నుమూశారు. గుంటూరులో ఒక అమ్మాయి చదువు సాగడానికి ఆయన రాసిన కొన్ని వరుసలు కారణమని నేను మా మేనకోడలికి ప్రత్యేకంగా చెప్పాను.

మార్పును శాశ్వతం చేయకముందే పరీక్షించవచ్చు. మోడ్‌ప్రోబ్ కమాండుకు ఆర్ అనే ఆప్షన్ ఇచ్చి డ్రైవరును దింపి, అదే కమాండుతో పరామితికి 1 ఇచ్చి మళ్లీ ఎక్కించాం. సిగ్నల్ మారలేదు. మళ్లీ దింపి 2 ఇచ్చాం. మేడగదిలో మైనస్ 85 ఉన్న చోట మైనస్ 59 వచ్చింది. 26 డెసిబెళ్ల తేడా అంటే అందుతున్న సిగ్నల్ బలం దాదాపు 400 రెట్లు పెరిగినట్టు. అంతవరకు ఒక్క పేరే కనిపించిన చోట చుట్టుపక్కల హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, అపార్ట్‌మెంట్ల రౌటర్ల పేర్లు పాతికకు పైగా వరసకట్టాయి. "మావయ్యా, ఇన్ని ఉన్నాయా ఇక్కడ!" అంది ఆ అమ్మాయి. తర్వాత ఈటీసీ డైరెక్టరీలోని మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డరులో కొత్త ఫైలు పెట్టి, ఆప్షన్స్ అనే మాట, డ్రైవరు పేరు, పరామితి విలువ ఒకే వరుసలో ఆమె చేతే రాయించాను.

వారం తర్వాత ఇంకో ఇబ్బంది వచ్చింది. పాఠం వీడియో డౌన్‌లోడ్ అవుతుండగా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మాట తెగిపోతోంది. ఈ చిప్‌లో వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్నాయి, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే నడుస్తాయి, ఉన్నదేమో ఒకే తీగ. బ్లూటూత్ తన 79 చానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు దూకుతూ రద్దీని తప్పించుకోగలదు గానీ, యాంటెన్నా తన వంతుకు రానప్పుడు ఎంత దూకినా ఉపయోగం లేదు. మా వీధిలాంటి కిక్కిరిసిన చోట, ఒకదానితో ఒకటి కలవని చానెళ్లు 1, 6, 11 అనే మూడే ఉండే ఆ పట్టీలో, రౌటరు చానెల్ మార్చినా పెద్దగా మేలు జరగలేదు. అందుకే వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు తరలించి, లోపలి కార్డును బ్లూటూత్‌కే వదిలేయాలని నిర్ణయించి, ఒక చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నాం.

డాంగిల్ కొనేవారు డబ్బా మీది పేరును బట్టి కాక లోపలి చిప్‌ను బట్టి కొనాలని గట్టిగా చెబుతాను. మేము రియల్‌టెక్ 8811సీయూ చిప్ ఉన్నదాన్ని ఎంచుకున్నాం, ఎందుకంటే 2023లో వచ్చిన 6.2 కెర్నెల్ నుంచి దాని కుటుంబానికి డ్రైవరు కెర్నెల్‌లోనే ఉంది, మింట్ 22లో ఉన్నది 6.8. పాత కెర్నెల్ మీద అయితే బయటి డ్రైవరును డీకేఎంఎస్ అనే సాధనం ద్వారా కట్టుకోవాలి, సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే దానికి సంతకం చేసిన తాళంచెవిని కూడా నమోదు చేయాలి. చదువుకునే పిల్లలకు ఆ భారం పెట్టడం నాకు ఇష్టం లేదు.

తగిలించగానే అది వైఫైగా కాక సీడీ డిస్కుగా కనిపించింది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో సంఖ్య 0బీడీఏ:1ఏ2బీ అని ఉంది. వేరే సిస్టమ్ వాడేవారి కోసం డ్రైవరును డాంగిల్‌లోనే డిస్కు రూపంలో పెట్టి అమ్ముతారు. ఆ డిస్కును ఎజెక్ట్ చేస్తే పరికరం అసలు రూపానికి మారుతుంది. మేము డెస్క్‌టాప్ మీది బొమ్మను ఎజెక్ట్ చేసిన కొన్ని క్షణాలకే సంఖ్య 0బీడీఏ:సీ811గా మారి, వైఫై జాబితా వచ్చింది. డాంగిల్ పాడైందని దుకాణానికి తిరిగి ఇచ్చేసేవారిలో కొందరికైనా ఈ సంగతి తెలిసి ఉంటే బాగుండేది.

5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటడంలో బలహీనం కనుక రౌటరును హాల్లోంచి మెట్ల మలుపు దగ్గరికి మార్చాం. ఆమె వైర్‌లెస్ మౌస్ బాణం మధ్యమధ్య తడబడడానికి కారణం మాత్రం వేరే. దాని రిసీవరు పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు తగిలించి ఉంది, ఆ కనెక్షన్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొదను వెదజల్లుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. రిసీవరును ఎడమవైపు పోర్టుకు మార్చగానే మౌస్ కుదుటపడింది.

గత వారం కెర్నెల్ అప్‌డేట్ వచ్చింది. రీబూట్ అయ్యాక మా మేనకోడలు నన్ను పిలవకుండానే డాంగిల్ తీసేసి, మేడగదిలో లోపలి కార్డు సిగ్నల్‌ను కొలిచి, నోట్‌బుక్‌లో తేదీ పక్కన మైనస్ 58 అని రాసుకుంది.